చివరి ఈక

మా అమ్మాయి నా గురించి అందరికీ చెప్పే కథ ఒకటుంది. ఇంటికి కొత్తవాళ్ళు వచ్చినా, స్కూల్లో అమ్మ గురించి ఏదైనా చెప్పమన్నా అదే చెబుతుంది. ఆ కథలో నేను చాలా మంచిదాన్ని. విన్నవాళ్ళు నావైపు మెచ్చుకోలుగా చూస్తారు. నేను పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు వంటగదిలోకి లేచి వెళ్ళిపోతాను. ఆ కథ అబద్ధం. ఆ సంగతి ముగ్గురికే తెలుసు. నాకు, మా అత్తయ్యకి, మా ఆయనకి. మా ఆయన ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు, ఆయనకి కారు తాళాలెక్కడ పెట్టాడో కూడా గుర్తుండదు. అత్తయ్య మర్చిపోరు. నేను మర్చిపోలేను.

అప్పుడు మా అమ్మాయికి ఐదేళ్ళు. ఆ ఆగస్టులోనే కిండర్‌గార్టెన్‌లో వేశాం. ఉండేది అమెరికాలోని అరోరాలో, వరసగా ఒకేలా కట్టిన టౌన్‌హౌసుల్లో చివరి ఇల్లు. మా ఇద్దరివీ ఆఫీసు ఉద్యోగాలు. పిల్లని పొద్దున బస్సెక్కించడానికీ మధ్యాహ్నం దింపుకోవడానికీ మనిషి కావాలి. అందుకని జూన్ ఆఖర్లో అత్తయ్యని రప్పించాం. 'అమెరికా చూద్దురుగాని రండి' అని పిలిచాం. వచ్చాక ఆవిడ చూసిందల్లా మా వీధి చివరి బస్ స్టాపే. ఆరు నెలలు నిండకముందే తిరిగి వెళ్ళాలి కాబట్టి నవంబర్ చివర్లో గురువారం నాడు వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాటిన శనివారానికి టికెట్ తీశాం.

ఆవిడ మంచి మనిషి. మంచి మనిషి అని ఇప్పుడు రాయడం తేలిక. అప్పుడు మాత్రం ప్రతి చిన్నదానికీ నాకు చిర్రెత్తుకొచ్చేది. జులైలో ఒకరోజు ఆవిడ తువ్వాళ్ళు ఉతికి, వెనక డెక్ రెయిలింగ్ మీద ఎండేశారు. మర్నాడు కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది, బయట బట్టలు ఆరేయకూడదని. నేను ఆ కాగితం పట్టుకుని ఆవిడ ముందు ఒంటికాలి మీద లేచాను. "అత్తయ్యా, ఇది మన ఊరు కాదు. ఇక్కడ నన్ను అడక్కుండా ఏమీ చేయకండి" అన్నాను. ఆవిడ "అలాగేనమ్మా, తెలీలేదు" అన్నారు. ఆ తర్వాత ఆవిడ నన్ను ఏదీ అడగలేదు, అడక్కుండా ఏదీ చేయలేదు కూడా. ఇంట్లో ప్రశాంతంగా ఉందని నేను సంబరపడ్డాను.

సెప్టెంబర్‌లో పిల్ల పుట్టినరోజు చేశాం. వచ్చిన బహుమతులు హాల్లో గుట్టగా పోసి ఉంటే, ఒక్కో కాగితం చించి, లోపలేముందో సరిగ్గా చూడకుండానే పక్కన పడేసి, "నెక్స్ట్" అంటోంది. ఇది ఎలాంటి పిల్ల అవుతుందోనన్న భయం ఆ రోజు పట్టుకుంది. దీనికి కృతజ్ఞత నేర్పాలి అని గట్టిగా అనుకున్నాను. నేనేదైనా గట్టిగా అనుకుంటే ఇంట్లో వాళ్ళకి ఎంత కష్టమో మా ఆయనకి తెలుసు. ఆయన ఆ రోజు నుంచి జాగ్రత్తగా తిరిగాడు.

నవంబర్ ఒకటిన స్కూల్ నుంచి ఒక కవర్ వచ్చింది. అందులో గోధుమరంగు అట్టతో చేసిన టర్కీ కోడి బొమ్మ, పాతిక దాకా రంగు కాగితాల ఈకలు ఉన్నాయి. రోజూ పిల్ల దేనికి థాంక్‌ఫుల్‌గా ఉందో చెబితే, ఇంకా రాయడం రాదు కాబట్టి తల్లిదండ్రులు ఈక మీద రాయాలి. పిల్ల పక్కన చిన్న బొమ్మ వేసి కోడికి అంటించాలి. థాంక్స్‌గివింగ్ నాటికి పురి నిండిపోవాలి. నాకు ప్రాణం లేచొచ్చింది. కోడిని తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపుకి అతికించాను.

అదే రోజు సాయంత్రం పాలకని షాపుకి వెళ్తే, అక్కడ హాలోవీన్ గుమ్మడికాయల్ని మూలకి నెట్టేసి, వాటి చోట క్రిస్మస్ చెట్లు నిలబెట్టి లైట్లు వేసేశారు. మా అమ్మాయి కళ్ళు ఇంతింత చేసుకుని నిలబడిపోయింది. ఇంటికొచ్చే దాకా కార్లో ఒకటే గోల. మన చెట్టు ఎప్పుడు పెడదాం, ఇవాళ పెడదామా, రేపు పెడదామా.

"థాంక్స్‌గివింగ్ అయ్యాక" అన్నాను.

"బిఫోర్ పెట్టాలి అమ్మా. నాన్నమ్మ ఆ శాటర్డే వెళ్ళిపోతది కదా. నాన్నమ్మ లైట్స్ చూడలేదు."

అంత స్పష్టంగా చెప్పింది. మొదటిరోజే చెప్పింది. నాకు వినపడలేదని ఎవరితోనూ అనలేను. నేను విని, నమ్మలేదు. పుట్టినరోజు నాటి ఆ చించిన కాగితాలు నా కళ్ళలో ఉన్నాయి. చెట్టు అంటే దానికింద బహుమతులు, బహుమతుల కోసం ఈ ముసలావిడని అడ్డం పెట్టుకుంటోంది అనుకున్నాను. ఐదేళ్ళ పిల్లకి అంత తెలివి అంటగట్టాను చూడండి, అది నా తెలివి.

ఈకల వ్యవహారం మొదలైంది. మొదటి రోజు, "నాన్నమ్మ" అంది. రాశాను. రెండో రోజూ "నాన్నమ్మ" అంది. ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పకూడదు, రోజుకొక కొత్తది కావాలన్నాను. కాసేపు ఆలోచించి "నాన్నమ్మ జాకెట్" అంది. చలి మొదలయ్యాక అత్తయ్య మా ఆయన పాత జాకెట్ చీర మీద తొడుక్కుని, చెప్పుల్లో సాక్సులు వేసుకుని బస్ స్టాపులో నిలబడేవారు. ఆ జాకెట్ జేబులో చేతులు పెట్టుకుంటే వెచ్చగా ఉంటాయట. మూడో రోజు, "నాన్నమ్మ బస్ దగ్గర వెయిట్ చేస్తది కదా, అది" అంది.

నాకు విసుగొచ్చింది. ఎందుకొచ్చిందో నిజం చెప్పాలి. నేను రోజూ ఆ ఈక ఫొటో తీసి మా తెలుగు ఫ్యామిలీల వాట్సాప్ గ్రూప్‌లో పెడుతున్నాను. మొదటి రోజు అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. రోజూ నాన్నమ్మ, నాన్నమ్మ అని పెడితే ఏం బాగుంటుంది? అందుకని నేనే అందించడం మొదలుపెట్టాను. "తాగడానికి మంచినీళ్ళు దొరకని పిల్లలుంటారు తెలుసా? నీళ్ళు అని చెప్పు." "ఫైర్ ఫైటర్స్ అని చెప్పు." "పుస్తకాలు అని చెప్పు." పిల్ల బుద్ధిగా చెప్పేది, నేను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేదాన్ని. గ్రూప్‌లో ఒకావిడ 'మీ పెంపకం చూసి నేర్చుకోవాలి' అని పెడితే దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను.

చెట్టు గోల మాత్రం ఆగలేదు. పొద్దున లేస్తూనే ఇంకెన్ని రోజులని అడిగేది. చెవిలో జోరీగలా అదే మాట. నేను కూడా అరిగిపోయిన రికార్డులా "ముందు ఉన్నదానికి థాంక్స్ చెప్పడం నేర్చుకో, తర్వాత కొత్తది అడుగుదువుగాని" అనేదాన్ని. అత్తయ్య పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుండేవారు. తలెత్తేవారు కాదు.

థాంక్స్‌గివింగ్ ముందు ఆదివారం నేను ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాను. అత్తయ్య సూట్‌కేసుల్లో పెట్టడానికి చాక్లెట్లు, బాదం పప్పులు, ఊళ్ళో ఎవరెవరికో ఇవ్వాల్సినవి అప్పటికే కొని హాలంతా పరిచి ఉన్నాయి. ఆవిడ దారిలో తినడానికి ఏమైనా తెద్దామని వెళ్ళి, ఆ రద్దీలో పార్కింగ్ దొరక్క, బిల్లు దగ్గర నిలబడీ నిలబడీ, తల పోటెత్తి ఇంటికొచ్చాను. తలుపు తీస్తే హాల్లో సూట్‌కేసుల మధ్య చెట్టు.

మొత్తం చెట్టు కాదు. మాది ప్లాస్టిక్ చెట్టు, మూడు ముక్కలుగా విడిపోతుంది. బేస్‌మెంట్ నుంచి అట్టపెట్టె పైకి లాక్కొచ్చి, కింది ముక్క నిలబెట్టేశారు. కార్పెట్ నిండా ఆకుపచ్చ రజను. రెండో ముక్క అత్తయ్య చేతిలో ఉంది. నన్ను చూడగానే ఆవిడ దాన్ని కింద పెట్టేసి, లేచి నిలబడ్డారు. సొంత కొడుకింట్లో, డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, దొంగతనం పట్టుబడ్డట్టు నిలబడ్డారు. అది చూసి నాకు జాలి కలగాల్సింది. మండింది.

"సర్‌ప్రైజ్" అంది పిల్ల.

"ఎవరు తీయమన్నారు దీన్ని?"

"నాన్నమ్మ చూస్తది అమ్మా. శాటర్డే వెళ్ళిపోతది కదా."

"నాన్నమ్మ పేరు చెప్పి నీ పని కానిచ్చుకోకు. నీకు కావాల్సింది గిఫ్టులు. నాకు తెలీదనుకున్నావా?"

అత్తయ్య మెల్లగా, "పోనీలేమ్మా, చిన్నపిల్ల, నేనే కాస్త..." అన్నారు.

"మీరు మధ్యలో రాకండి అత్తయ్యా. ఇక్కడ పిల్లల్ని పెంచడం మీకు తెలీదు."

ఆ మాట నా నోటి నుంచి వచ్చింది. ఐదు నెలలు ఆ పిల్లకి అన్నం పెట్టి, జడలేసి, జ్వరమొస్తే పక్కన పడుకున్న మనిషితో అన్నాను. ఆవిడ వంగి కార్పెట్ మీద రజను ఏరడం మొదలుపెట్టారు.

మా ఆయన మేడ దిగి వచ్చి, "పెట్టేస్తే పోయేదానికి ఎందుకంత?" అన్నాడు. మండే దాంట్లో నెయ్యి పోశాడు. నేను అక్కడే నిలబడి ఫోన్ తీసి, గ్రూప్‌లో టైప్ చేశాను. 'ఏడడుగుల క్రిస్మస్ చెట్టు, లైట్లతో సహా. ఎవరికైనా కావాలంటే తీసుకెళ్ళండి. మా పాపకి షేరింగ్ నేర్పిస్తున్నాం.' చివర దండం బొమ్మ కూడా పెట్టాను. అంత కోపంలోనూ ఆ దండం బొమ్మ వెతికి మరీ పెట్టాను.

పది నిమిషాల్లో నా స్నేహితురాలు మెసేజ్ పెట్టింది. ఐదు మైళ్ళ దూరంలో ఉంటుంది. ఏటా థాంక్స్‌గివింగ్ భోజనానికి మా నాలుగు కుటుంబాలు కలిసేది వాళ్ళింట్లోనే. వాళ్ళ పాత చెట్టు విరిగిపోయిందట, గంటలో వచ్చేసింది. నేనూ తనూ చెట్టుపెట్టె మోసుకెళ్ళి వాళ్ళ వ్యాన్‌లో పెడుతుంటే మా అమ్మాయి గ్యారేజ్ గుమ్మంలో నిలబడి చూసింది. ఏడుస్తుందనుకుని నేను మాట సిద్ధం చేసుకుని ఉన్నాను. అప్పటికే లోపల ఏడ్చేసి వచ్చింది కాబోలు, ముక్కు ఎర్రగా ఉంది.

"ఆంటీ, మీరు ఎప్పుడు పెడతారు?" అని అడిగింది.

"ఇవాళే పెట్టేస్తాం తల్లీ."

"థర్స్‌డే మేము వచ్చినప్పుడు ఉంటదా?"

"ఎందుకుండదు? నీ కోసం లైట్లు కూడా వేసి ఉంచుతాను."

పిల్ల తలూపి లోపలికి వెళ్ళిపోయింది. ఇంకా ఆశ చావలేదు దీనికి అనుకున్నాను. ఎంతసేపూ దాని ఆశే నాకు కనపడింది.

గురువారం వచ్చింది. అత్తయ్య చీకటితోనే లేచి నలభై బొబ్బట్లు చేశారు. వాళ్ళింట్లో డబ్బా బల్ల మీద పెడుతూ, ఎవరో "ఎంత మెత్తగా ఉన్నాయో, ఎవరు చేశారు?" అంటే, "మేమే, ఇంట్లో చేశాం" అన్నాను. ఆ 'మేం'లో నేను చేసిందల్లా డబ్బా మూత పెట్టడం.

భోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. పిల్లల ముచ్చట కోసం షాపు నుంచి కాల్చిన టర్కీ ఒకటి తెప్పిస్తారు. మధ్యలో దర్జాగా ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు, అందరూ గుత్తివంకాయ, పులిహోర, బిర్యానీ గిన్నెల చుట్టూ చేరతారు. హాల్లో కిటికీ పక్కన మా చెట్టు నిలబడి ఉంది. అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. దానికి ఎదురుగా సోఫాలో అత్తయ్య కూర్చున్నారు. మా అమ్మాయి ఆవిడ ఒళ్ళో కూర్చుని, ఒక్కో బొమ్మా చూపిస్తూ ఏదో చెబుతోంది. మధ్యాహ్నం దాటినా బయట మబ్బుగా ఉండటంతో ఆ లైట్ల రంగులు ఆవిడ కళ్ళద్దాల మీద పడుతున్నాయి. ఆవిడ నవ్వుతున్నారు. జూన్ నుంచీ ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. చూసి కూడా, అటు వెళ్ళకుండా ప్లేట్లు సర్దే వంకతో ఇటే ఉండిపోయాను.

తినడం అయ్యాక గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరూ దేనికి థాంక్‌ఫుల్‌గా ఉన్నారో చెప్పడం మా అలవాటు. ఆ అలవాటు పెట్టింది నేనే. మూడేళ్ళ కిందట మొదలుపెట్టించాను. ముందు పిల్లలతో చెప్పిస్తాం. ఒకడు వీడియో గేముకి, ఒకత్తి కుక్కపిల్లకి చెప్పారు. మా అమ్మాయి వంతు వచ్చింది. వారం రోజులుగా నేను నేర్పించి ఉంచాను, మంచినీళ్ళు, స్కూలు, టీచరు, అమ్మానాన్న, వరసగా. అందరూ ఫోన్లు పైకెత్తారు. నేనైతే రికార్డింగ్ కూడా నొక్కాను.

అది సోఫా దిగి నిలబడి, మా స్నేహితురాలి వైపు తిరిగింది.

"థాంక్యూ ఆంటీ, మన చెట్టు ఎర్లీగా పెట్టినందుకు. నాన్నమ్మ శాటర్డే వెళ్ళిపోతది. నాన్నమ్మ లైట్స్ చూడాలి అంది. నేను గ్రేట్‌ఫుల్ కాదని అమ్మ చెట్టు ఇచ్చేసింది. కానీ మీరు పెట్టారు, నాన్నమ్మ చూసింది. థాంక్యూ."

చెప్పి మళ్ళీ నాన్నమ్మ ఒళ్ళోకి ఎక్కింది. అందులో నా మీద ఫిర్యాదు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. ఈకల మీద నేను ఇరవై రోజులు రాయించినదాంట్లో ఇలాంటి మాట ఒక్కటి లేదు.

ఎవరో గ్లాసు కింద పెట్టారు, ఆ చప్పుడు వినపడింది. నాకు తల కొట్టేసినట్టయింది. చేతిలో ఫోన్ ఇంకా రికార్డ్ చేస్తూనే ఉంది. నేను మొహం ఎటు తిప్పుకోవాలో తెలీక ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాను. మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు అత్తయ్య నవ్వుతూ అన్నారు.

"పిచ్చితల్లికి సగమే తెలుసు. మా ఇంట్లో నా సూట్‌కేసులు పరిచి, అడుగు పెట్టే చోటు లేదమ్మా. నేను వెళ్ళేలోపు చెట్టు చూడాలని ముచ్చటపడ్డాను. అందుకని మా కోడలు మీ ఇంటికి పంపింది, గురువారం ఎలాగూ అందరం ఇక్కడికే వస్తాం కదా, ఇక్కడ తీరిగ్గా చూస్తారని. పిల్ల నాకు ముందే చెప్పేస్తుందని దానికి వేరేలా చెప్పింది."

నా స్నేహితురాలు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అదా సంగతి. ఏవే, షేరింగ్ అని రాశావు గానీ, నాకైనా చెప్పొద్దా?"

"తను అంతేనమ్మా" అన్నారు అత్తయ్య. "చేసింది చెప్పుకోదు."

గదంతా తేలికపడింది. పక్కనున్నావిడ నా భుజం నొక్కింది. ఎవరో, "అత్తగారి కోసం ఇంత ఆలోచించే కోడళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు" అన్నారు. నేను కాదని చెప్పొచ్చు. ఆ ఒక్క నిమిషం నా చేతిలోనే ఉంది. ఆవిడ అలా అంటున్నారు గానీ జరిగింది అది కాదు, పిల్ల చెప్పిందే నిజం అని రెండు ముక్కలు అంటే సరిపోయేది. నోరు పెగల్లేదు. పెగల్లేదని అంటున్నాను గానీ, అసలు తెరవడానికి ప్రయత్నించలేదు. తలొంచుకుని, సిగ్గుపడుతున్నట్టు చిన్నగా నవ్వాను. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

నా వంతు వచ్చింది. ఆరోగ్యానికి, ఉద్యోగాలకి, ఇలాంటి స్నేహితులకి థాంక్స్ అన్నాను. అందరూ చెప్పేదే చెప్పి కూర్చున్నాను.

మన ఇళ్ళల్లో సొంతవాళ్ళకి థాంక్స్ చెప్పుకోం. చెబితే పరాయివాళ్ళని చేసినట్టుంటుంది, "మనలో మనకేంటి" అంటాం. నేనూ అదే నమ్మేదాన్ని. కానీ ఆ అలవాటు నాకు ఎంత వీలుగా అమరిందో ఆ రోజే తెలిసింది. ఆఫీసులో తలుపు పట్టుకున్నవాడికి థాంక్స్ చెబుతాను. బస్సు డ్రైవర్‌కి చెప్పమని పిల్లని వెనక నుంచి పొడుస్తాను. ఆ బస్సు కోసం చలిలో నిలబడే మనిషికి మాత్రం, జూన్ నుంచి నవంబర్ దాకా, ఒక్కసారి చెప్పలేదు. మనలో మనకేంటి అనుకోవడానికైనా ముందు ఆవిడని మనలో మనిషిలా చూసి ఉండాలి కదా.

ఐదు గంటలకే చీకటి పడింది. ఇంటికి బయల్దేరాం. మా ఆయన డ్రైవ్ చేస్తున్నాడు, నేను పక్కన, వెనకాల పిల్ల, అత్తయ్య. సగం దారిలో వెనక నుంచి గొంతు వినపడింది.

"అమ్మా, నిజంగా నాన్నమ్మ కోసమే పంపావా చెట్టు?"

కార్లో మేం నలుగురమే. ఇక్కడ పరువు పోయేది ఎవరి ముందు? పిల్లకి నిజం చెబితే ఏమవుతుంది? మహా అయితే అమ్మ తప్పు చేసిందని తెలుస్తుంది. అది దానికి ముందే తెలుసు. నేను తిరిగి వెనక్కి చూశాను. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఊఁ" అన్నాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"సర్‌ప్రైజ్ కదా తల్లీ" అన్నారు అత్తయ్య, కిటికీ వైపు చూస్తూనే.

వెనక నుంచి చిన్న చెయ్యి ముందుకొచ్చి నా భుజం మీద పడింది.

"సారీ అమ్మా. నువ్వు మీన్ అనుకున్నాను."

మా ఆయన నావైపు ఒకసారి చూశాడు. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ చేతిని తీసి ముద్దు పెట్టుకునే మొహం కూడా నాకు లేకపోయింది.

మర్నాడు శుక్రవారం. అందరికీ సెలవు. పొద్దున్నే మా ఆయన సూట్‌కేసుల్ని బాత్‌రూమ్ కాటా మీద పెట్టి తూస్తున్నాడు, అత్తయ్య ఇది తీసి అందులో, అది తీసి ఇందులో సర్దుతున్నారు. నేను వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాను. మా అమ్మాయి ఒక పసుపుపచ్చ ఈక పట్టుకుని వచ్చింది. నిన్నటి హడావిడిలో మర్చిపోయాం. కోడికి ఆ ఒక్కటే మిగిలింది, చివరి ఈక.

"అమ్మా, ఇది రాయి. తెలుగులో రాయి."

"తెలుగులో ఎందుకు?"

"నాన్నమ్మ చదవాలి."

పెన్ను తీశాను. అది నా కుర్చీ పక్కన నిలబడి, ఆలోచించుకుంటూ ఒక్కో మాటే చెప్పింది. రోజుకొక కొత్తది చెప్పాలని నేను పెట్టిన నియమం దానికి బాగా గుర్తుంది. "ఐయామ్ థాంక్‌ఫుల్ అని రాయి. నాన్నమ్మ చూడాలని అమ్మ చెట్టు పంపింది, అందుకు."

పెన్ను కాగితం మీద పెట్టి ఆగాను. హాల్లోంచి జిప్పు లాగుతున్న చప్పుడు వస్తోంది. ఇప్పుడైనా చెప్పొచ్చు. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అమ్మ కోపంలో ఇచ్చేసిందమ్మా, నువ్వు చెప్పిందే నిజం, నాన్నమ్మ నన్ను కాపాడటానికి అలా అంది అని చెప్పొచ్చు. అప్పుడు నిన్న కార్లో అన్న 'ఊఁ' ఏమిటని అడుగుతుంది. ఆ 'ఊఁ' దాటి వెనక్కి వెళ్ళడానికి నాకు ధైర్యం చాల్లేదు.

"రాయి అమ్మా" అంది.

రాశాను. 'నాన్నమ్మ చూడాలని అమ్మ చెట్టు పంపింది. థాంక్యూ అమ్మా.' ఎప్పటిలాగే గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా రాశాను. పిల్ల దాని పక్కన ఆకుపచ్చ క్రేయాన్‌తో చెట్టు, చెట్టు పక్కన ముగ్గురు మనుషుల్ని గీసింది. పొడుగ్గా ఉన్నది నేనట. నాకు నవ్వుమొహం పెట్టింది.

కోడికి అంటిస్తుందనుకుంటే, దాన్ని పట్టుకుని హాల్లోకి పరిగెత్తింది. నేను లేచి గుమ్మం దాకా వెళ్ళాను. అత్తయ్య సూట్‌కేస్ పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని, ఈక దగ్గరగా పట్టుకుని చదివారు. రెండుసార్లు చదివినట్టున్నారు, ఉన్నది ఒకటిన్నర వాక్యమే గానీ చాలాసేపు పట్టింది. తర్వాత తలెత్తి నన్ను చూశారు. ఆ చూపులో కోపమేదైనా ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది.

"నీ చేతిరాత చక్కగా ఉంటుందమ్మా" అన్నారు.

అంతే అన్నారు. ఈకని జాగ్రత్తగా మధ్యకి మడిచి కళ్ళద్దాల పెట్టెలో పెట్టుకున్నారు. శనివారం ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చెయిర్ మనిషి వచ్చి ఆవిడని తీసుకెళ్ళేటప్పుడు కూడా ఆ పెట్టె ఆవిడ చేతిలోనే ఉంది. వంగి కాళ్ళకి దండం పెట్టాను. థాంక్స్ అందామనుకున్నాను, సారీ అందామనుకున్నాను. "మందులు హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉన్నాయి కదా అత్తయ్యా" అన్నాను.

ఆ అట్ట కోడిని మా అమ్మాయి పారేయనివ్వదు. ఏటా నవంబర్ ఒకటిన బయటికి తీసి ఫ్రిజ్‌కి పెడుతుంది, అదే రోజు నేను ఆ తర్వాత కొన్న చెట్టు నిలబెడతాను. ఆ కోడి పురిలో ఒక ఈక పట్టేంత ఖాళీ ఉంది. చూసినవాళ్ళెవరైనా అక్కడిది ఏమైందని అడిగితే, మా అమ్మాయి నన్ను చెప్పమంటుంది. ఇండియాలో వాళ్ళ నాన్నమ్మ దగ్గరుంది అంటాను. ఆ ఒక్క ముక్క నిజం.